విజయవాడలో భగ్గుమన్న స్టవ్వు మంచులో ఎందుకు మొరాయిస్తుంది?

(చలికాలం హిమాలయాల ట్రెక్కింగ్‌కి బయల్దేరుతున్నవాళ్ళ కోసం విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ మేడ మీద చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ బల్లకి మాత్రం రెండు గజాల దూరంలో ఆగిపోండి. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. ల్యాబులో సారా దీపాలు ఎన్ని వెలిగించానో లెక్కలేదు. అలాంటిదాన్ని, ఒక జనవరి తెల్లవారుజామున, ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరం దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు పక్కన, రెండు కప్పుల టీ కోసం అగ్గిపెట్టె మొత్తం ఖాళీ చేశాను. స్టవ్వు నిండా స్పిరిట్ ఉంది. గాలి లేదు. పుల్ల గీయగానే వెలుగుతోంది. స్టవ్వు మాత్రం అంటుకోవడం లేదు. మా ఆయన స్లీపింగ్ బ్యాగులోంచి తల బయటపెట్టి "నీ సబ్జెక్టేగా?" అన్నారు. (నవ్వులు) ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఇదిగోండి, స్పిరిట్ స్టవ్వు అంటే ఇంతే. కూల్‌డ్రింక్ డబ్బాలు రెండు కోసి, ఒకదాంట్లో ఒకటి దిగేసి, అంచు చుట్టూ సూదితో చిల్లులు పెట్టాను. అరచేతిలో పడుతుంది, బరువు లేనట్టే. పంపు లేదు, వాషర్ లేదు, పూడుకుపోయే నాజిల్ లేదు. ఇలాంటివే ఇత్తడితో చేసినవి బజార్లో దొరుకుతాయి. స్వీడన్‌లో ట్రాంజియా అనే కంపెనీ 1925లో మొదలైంది. బర్నరూ గిన్నెలూ గాలి అడ్డూ అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే సెట్టుని వాళ్ళు 1951 నుంచి చేస్తున్నారు. స్వీడన్ అంటే మన కొండపల్లి ఖిల్లా కాదు కదా, అక్కడ చలి సంగతి వాళ్ళకి తెలియంది కాదు. ఆ మాట మళ్ళీ వస్తుంది.

బాబూ, నువ్వు రా. అవును, చెక్స్ చొక్కా. రెండు మూతలు స్పిరిట్ పోశాను, పుల్ల గీసి పైన పెట్టు. చూశారా? పుల్ల తగలకముందే అందుకుంది. మంట కనపడుతోందా? కనపడటం లేదు కదూ. ఎండ పొడలో స్పిరిట్ మంట కంటికి ఆనదు. పైన చెయ్యి అడ్డం పెట్టబోయావు చూడు, అదే వద్దన్నాను. దీన్ని ఊది ఆర్పకూడదు, గిన్నె బోర్లించాలి. ఇలా. అయిపోయింది.

ఇక ఈ రెండో స్టవ్వు. మీరు రావడానికి గంట ముందు నుంచి ఇది ఈ బేసిన్లో కూర్చుని ఉంది. బేసిన్లో ఉన్నది చేపల మార్కెట్ దగ్గర కొన్న ఐసు. దాన్ని పొడి చేసి కళ్ళుప్పు కలిపాను. కుల్ఫీ బండివాడు చేసే పనే. ఐసుకి ఉప్పు తగిలితే సున్నా కంటే బాగా కిందికి పోతుంది, సరిగ్గా కుదిరితే మైనస్ 21 దాకా. ఇప్పుడు థర్మామీటర్ మైనస్ 12 చూపిస్తోంది. స్టవ్వులో స్పిరిట్ మైనస్ 9. బాబూ, ఇంకో పుల్ల గియ్యి. దగ్గరికి తీసుకురా. ఇంకా దగ్గరికి. పైపైన ఒక నీలి మెరుపు వచ్చి పోయింది, అంతేనా? సరే, పుల్లని అందులోనే ముంచు. భయం లేదు, ముంచు. చుయ్‌మని ఆరిపోయింది. నీళ్ళలో ముంచినట్టే!

అదే సీసాలోంచి పోసిన అదే స్పిరిట్ అండీ. నేనేమీ కలపలేదు.

కాలేది స్పిరిట్ కాదు, స్పిరిట్ ఆవిరి. ద్రవం ఎప్పుడూ కాలదు. దాని మీదికి లేచిన ఆవిరి గాలితో తగిన పాళ్ళలో కలిస్తే, దానికి నిప్పు అంటుకుంటుంది. ఆ పాళ్ళకి చాలినంత ఆవిరి లేవాలంటే ద్రవానికి కొంత వేడి ఉండాలి. ఆ హద్దుని ఫ్లాష్ పాయింట్ అంటారు. మన టెక్స్ట్‌బుక్కులో ఉండే జ్వలన ఉష్ణోగ్రత, అంటే పుల్ల చూపించకుండానే దానంతటదే అంటుకునే వేడి, వేరు, దీన్నీ దాన్నీ కలిపి పరీక్షలో రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడ కూడా ఉండే ఉంటారు. (నవ్వులు) మన స్పిరిట్లో ముఖ్యంగా ఉండే ఆల్కహాల్ ఇథనాల్. దానికి ఈ హద్దు సుమారు 13 డిగ్రీలు. కొలిచే పద్ధతిని బట్టి కొంచెం అటూ ఇటూ. మిథనాల్ అనే ఇంకో ఆల్కహాల్‌కి దానికంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. కిరోసిన్‌కి దాదాపు 38, ఆ పైన. కాబట్టే కిరోసిన్‌ని గిన్నెలో పోసి పుల్ల చూపిస్తే అంటుకోదు, లాంతరుకి వత్తి కావాలి.

ఇప్పుడు మన ఊరి సంగతి చూడండి. బెజవాడలో సంక్రాంతి నెలలో కూడా రాత్రి పూట పద్దెనిమిది, పంతొమ్మిది. దుప్పటి కప్పుకుని అదే చలి అనుకుంటాం. అంటే మన దగ్గర స్పిరిట్ ఏడాది పొడుగునా ఆ 13 డిగ్రీల గీతకి పైనే ఉంటుంది. మేడ మీద ఎన్నిసార్లు ప్రాక్టీసు చేసినా పుల్ల గీయగానే అందుకుంటుంది. నేను చేసింది అదే. మంగళగిరి కొండ మీద టీ పెట్టాను, కొండవీడు మీద ఉప్మా చేశాను, ఒక్కసారీ మొరాయించలేదు. అంత ధీమాగా వెళ్ళి, రాత్రంతా సీసాని గుడారం బయట బూట్ల పక్కన వదిలేశాను. తెల్లారేసరికి అది మైనస్‌లోకి పోయింది. తప్పు స్టవ్వుది కాదు, నాది.

ఒక అనుమానం తీర్చేస్తాను. స్పిరిట్ గడ్డ కడుతుందా? కట్టదు. ఇథనాల్ గడ్డ కట్టాలంటే మైనస్ 114 కావాలి. పాదరసం మైనస్ 39 దగ్గరే గడ్డ కడుతుంది కాబట్టి చలి దేశాల థర్మామీటర్లలో రంగు వేసిన ఆల్కహాల్ పోస్తారు. నా చేతిలో ఉన్న ఈ ఎర్ర గీత కూడా అదే. చలికి స్పిరిట్ చచ్చిపోదు, బద్ధకిస్తుంది. దాన్ని లేపాలి. ఎలా లేపాలి అన్నదే మొత్తం విద్య.

ఇక్కడ పెద్దవాళ్ళకి కిరోసిన్ పంపు స్టవ్వు గుర్తుండాలి. బుస్సుమని మోగేది, ఇత్తడి ట్యాంకు, పక్కనే పిన్ను. దాన్ని తిన్నగా వెలిగించేవాళ్ళు కాదు కదా. బర్నరు కింద చిన్న గిన్నె లాంటిది ఉంటుంది, అందులో కాస్త స్పిరిట్ పోసి మండించి, బర్నరు కాగాక పంపు కొట్టేవాళ్ళు. ఆ స్టవ్వుల ముత్తాత 1892లో స్టాక్‌హోంలో పుట్టిన ప్రైమస్. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందం మంచు కరిగించుకున్నదీ ప్రైమస్ మీదే. మా అమ్మమ్మ తెనాలిలో పప్పు ఉడికించిన స్టవ్వూ ధ్రువంలో మండిన స్టవ్వూ దాయాదులన్నమాట. అక్కడ కిరోసిన్‌ని లేపడానికి స్పిరిట్ వాడారు. మరి స్పిరిటే నిద్రపోతే దాన్ని లేపేదెవరు?

మొదటి మందు మన ఒంటి వేడి. సీసాని పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. కాకపోతే స్టవ్వు వెలిగించే ముందు ఒక పావుగంట, ఇరవై నిమిషాలు జాకెట్ లోపల జేబులో ఉంచుకోండి. మూత బిగుతుగా ఉండాలి, పైన ఇంకో జిప్ కవర్ ఉండాలి. కారిందంటే దుస్తులు నానతాయి, ఆ దుస్తులతో నిప్పు దగ్గరికి పోకూడదు. మైనస్ పదిలో ఉన్న స్పిరిట్ చేతి మీద పడితే ఇంకో ప్రమాదం. అది నీళ్ళలా గడ్డ కట్టదు, అంత చల్లగానూ ఉండి, ఆవిరవుతూ మన వేడిని పీల్చేస్తుంది. నిమిషాల్లో వేళ్ళు మొద్దుబారతాయి. చల్లటి సీసాలోంచి పోసేటప్పుడు గ్లౌజులు తీయకండి.

గ్యాస్ లైటర్ కూడా అదే జేబులో ఉండాలి. లైటర్లో ఉండేది బ్యూటేన్. మైనస్ అర డిగ్రీ కిందికి పోయేకొద్దీ దాని ఆవిరికి బయటికి తోసుకొచ్చే బలం పోతుంది. చిన్న బ్యూటేన్ డబ్బాల స్టవ్వులు మంచులో చిన్నబోయేదీ ఇందుకే. అగ్గిపెట్టెలు రెండు, వేర్వేరు జేబుల్లో. ఇది అనుభవం చెప్పించిన మాట.

స్పిరిట్ వెచ్చగా ఉన్నా, మంచులా ఉన్న ఇత్తడి బర్నరులో పోయగానే సగం వేడి ఆ లోహం లాగేసుకుంటుంది. కాబట్టి బర్నరుని కూడా కాసేపు గుప్పిట్లో పట్టుకోండి. దాన్ని మంచు మీద తిన్నగా పెట్టొద్దు. కింద నుంచి చల్లబడుతుంది, పైగా వేడెక్కాక మంచులో దిగబడి పక్కకి ఒరుగుతుంది. నేను చపాతీ పీట లాంటి చిన్న చెక్కముక్క తీసుకెళ్తాను. ప్లైవుడ్ దుకాణంలో తుక్కుగా పడేసేదే.

ఇప్పుడు ఈ మైనస్ 9 స్టవ్వుని మీ కళ్ళ ముందే లేపుతాను. వేడినీళ్ళు లేవు, ఏమీ లేవు. ఇదిగో, దేవుడి దగ్గర పెట్టే పత్తి వత్తి. దీన్ని స్పిరిట్లో తడిపి, కొస మాత్రం పైకి ఉండేలా అంచుకి ఆనించాను. పుల్ల చూపిస్తున్నాను. ఒకటి... రెండు... అందుకుంది. ఎందుకు అందుకుంది? గిన్నెడు స్పిరిట్‌ని వేడి చేయడం పుల్ల వల్ల కాదు. వత్తి కొసన ఉన్న నాలుగు చుక్కల్ని వేడి చేయడం అవుతుంది. ఆ నాలుగు చుక్కల మంట మిగతాదాన్ని లేపుతుంది. ప్రమిదలో నూనె విషయంలో మన ముత్తవ్వలకి తెలిసిన కిటుకే. నాకు మంచులో తట్టలేదు. బ్యాగులో పత్తి కూడా ఉంది, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో!

ఒకటిన్నర నిమిషం అయింది. ఇప్పుడిప్పుడే చిల్లుల్లోంచి మంట వస్తోంది, చూశారా? ఇంకా బలం రాలేదు. ఈ దశలో తొందరపడి గిన్నె పెడితే ఆరిపోతుంది.

రెండో పద్ధతి, స్టవ్వు కింద మంట. ట్రాంజియా వాళ్ళు చలికాలం కోసం బర్నరు కింద తగిలించే చిన్న పళ్ళెం లాంటిది అమ్ముతారు, ముందు దాన్ని వెలిగిస్తే పైన బర్నరు వేడెక్కుతుంది. పంపు స్టవ్వు గిన్నె మళ్ళీ వచ్చిందన్నమాట. నేను అది కొనలేదు. సీసా మూతంత రేకు మూత తీసుకుని, అందులో రెండు హారతి కర్పూరం బిళ్ళలు వెలిగించి, బర్నరుని దాని పైన నిలబెడతాను. కర్పూరం ఎంత చలిలోనైనా పుల్ల చూపిస్తే అందుకుంటుంది. మసి మాత్రం పడుతుంది, బర్నరు అడుగు నల్లగా అవుతుంది. దేవుడి గదిలో ఇంతకాలంగా ఉన్న సరుకు నాకు ఇలా పనికొస్తుందని అనుకోలేదు.

(సభలోంచి: మేడమ్, శానిటైజర్ పోయొచ్చా? ఇంట్లో కరోనా నాటివి నాలుగు సీసాలున్నాయి.)

పోయొచ్చు బాబూ, విజయవాడలో. (నవ్వులు) అందులో మూడో వంతుకి దగ్గరగా నీళ్ళు, జెల్లు, గ్లిజరిన్ ఉంటాయి. నీళ్ళు కలిసిన కొద్దీ ఆ ఫ్లాష్ పాయింట్ పైకి పోతుంది. మంచులో నీకు కావలసింది దానికి వ్యతిరేకం. మసి తగ్గడానికి స్పిరిట్లో పదో వంతు నీళ్ళు కలపమని కొందరు చెప్తారు, మామూలు రోజుల్లో అది మంచి సలహానే. చలికాలం నేను చుక్క కూడా కలపను. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ అడిగితే లేబుల్ చదవండి. కొన్నిట్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటుంది, అది పసుపు మంటతో మండి గిన్నెకి మసి పూస్తుంది. మిథనాల్ చలిలో కాస్త తేలిగ్గా అంటుకుంటుంది, కానీ విషం. కొద్దిగా లోపలికి పోయినా చూపు పోతుంది. కల్తీ సారా వార్తల్లో చదివేది దాని గురించే. వేడి కూడా ఇథనాల్‌లో ముప్పాతిక వంతే ఇస్తుంది. నేను దాని జోలికి పోను. ఏ స్పిరిట్ అయినా మంచినీళ్ళ సీసాలో పోయొద్దు. చీకట్లో, దాహంతో, చలికి మొద్దుబారిన బుర్రతో ఎవరు ఏ సీసా ఎత్తుతారో చెప్పలేం.

ఇక్కడి నుంచి మోసుకెళ్దామని మాత్రం అనుకోవద్దు. విమానంలో స్పిరిట్ చేతి సంచిలోనూ కుదరదు, లగేజీలోనూ కుదరదు. రైల్లో మండే సరుకు తీసుకెళ్ళడం 1989 రైల్వే చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు పడగల నేరం. రెండు రాత్రుల ప్రయాణం, పక్క బెర్తులో పసిపిల్లలుంటారు, చట్టం లేకపోయినా చేయదగ్గ పని కాదు. స్టవ్వుని కడిగి ఆరబెట్టి ఖాళీగా తీసుకెళ్ళండి. స్పిరిట్, కర్పూరం డెహ్రాడూన్‌లో కొనుక్కోండి.

ఇప్పుడు లెక్క. ఈ లెక్క చెప్పకుండా పంపిస్తే మీరు నన్ను కొండ మీద తిట్టుకుంటారు. ఒక మిల్లీలీటరు ఇథనాల్ మండితే 21 కిలోజౌల్స్ వేడి వస్తుంది. అందులో సగం గిన్నెకి చేరిందనుకుందాం, అది కూడా గాలి అడ్డు పెట్టి, మూత పెడితేనే. ఇక్కడ కుళాయి నీళ్ళు 28 డిగ్రీలు. లీటరు మరగడానికి 30 మిల్లీలీటర్ల స్పిరిట్ చాలు. అదే అక్కడ సున్నా డిగ్రీల సెలయేటి నీళ్ళయితే సుమారు 36. ఎత్తు వల్ల నీళ్ళు 91 దగ్గరే మరిగిపోతాయి కాబట్టి అంతలో అయిపోయింది, లేకపోతే ఇంకా ఎక్కువ. మరి సెలయేరు దొరక్క మంచే కరిగించాలంటే? కిలో మంచు సున్నా దగ్గర నీరవడానికే 334 కిలోజౌల్స్ మింగుతుంది. ద్రవీభవన గుప్తోష్ణం అని మీ చేత బట్టీ పట్టించాం చూడండి, అది ఇదే. అక్కడ అర్థమవుతుంది ఎవరు గుప్తంగా తినేస్తున్నారో. మైనస్ పది డిగ్రీల మంచు నుంచి మొదలుపెడితే లీటరు వేడినీళ్ళకి దాదాపు 70 మిల్లీలీటర్లు. గాలి వీస్తే వంద అనుకోండి.

అంటే మేడ మీద చేసిన లెక్కకి మూడు రెట్లు. ఇద్దరు మనుషులకి రోజుకి తాగడానికీ వండుకోవడానికీ ఐదు లీటర్లు మంచు నుంచే తీయాలంటే, అర లీటరు స్పిరిట్ రోజూ పోతుంది. అదే కిరోసిన్ బరువుకి బరువు స్పిరిట్ కంటే ఒకటిన్నర రెట్లు పైగా వేడినిస్తుంది. కాబట్టి ఒక మాట నిక్కచ్చిగా చెప్తాను. ఒకటి రెండు రాత్రులు, ఇద్దరు మనుషులు, దగ్గర్లో పారే నీళ్ళుంటే స్పిరిట్ స్టవ్వు హాయి. నాలుగైదు రోజులు మంచు కరిగించుకు తాగాల్సిన చోటికి దీన్ని నమ్ముకుని పోవద్దు. నాకు ఈ స్టవ్వు మీద ఎంత ప్రేమ ఉన్నా సరే.

మంచు కరిగించేటప్పుడు ఖాళీ గిన్నెలో మంచు కుక్కి మంట మీద పెట్టొద్దు. పొడి మంచులో ఉన్నదంతా గాలే. కొత్తగా పడిన మంచు గిన్నెడు పెడితే అడుగున గుక్కెడు నీళ్ళు వస్తాయి. ఆ గాలి వేడిని పైకి పోనివ్వదు, ఈలోగా అడుగు మాడుతుంది. అవును, మంచు మాడుతుంది! నీళ్ళకి మాడు వాసన వస్తుంది. రాత్రి మిగిల్చిన నీళ్ళు అడుగున రెండు వేళ్ళ ఎత్తు పోసి, అందులో మంచు కొంచెం కొంచెంగా వేయండి. ఆ నీళ్ళ సీసా కూడా స్లీపింగ్ బ్యాగులోనే పడుకోవాలి. మీకు చోటు మిగులుతుందో లేదో మరి. (నవ్వులు) కందిపప్పు జోలికి పోకండి, 91 డిగ్రీల్లో అది తెల్లారేదాకా ఉడుకుతూనే ఉంటుంది. అటుకులు, మ్యాగీ, సేమ్యా చాలు.

(సభలోంచి: చలికి గుడారం లోపలే వెలిగించుకుంటే?)

వద్దమ్మా. ఆ మాట అనిపించే సమయానికి నువ్వు అలిసిపోయి ఉంటావు, బయట చీకటి, గాలి. అప్పుడు ఈ ముసలమ్మ వద్దందని గుర్తు తెచ్చుకో. గుడారం గుడ్డ నిమిషంలో కరిగిపోతుంది. అది తప్పినా, చల్లటి గిన్నె అడుగు తగిలిన మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి వస్తే ఎత్తు వల్ల అనుకుని పడుకుంటావు.

ఇంకొకటి, ఇది ల్యాబులో నా కళ్ళ ముందు జరిగింది. ఒక కుర్రాడు సారా దీపం ఆరిపోయిందనుకుని సీసాతో పోశాడు. ఆరలేదు. పగటి వెలుతురులో కనపడలేదు అంతే. మంట ధార వెంట సీసాలోకి ఎక్కింది. చెయ్యి కాలింది, కళ్ళు దక్కాయి. ఇద్దరం అదృష్టవంతులం. మంచు తెల్లదనంలో ఆ నీలి మంట ఇంకా కనపడదు. ఆరిందనుకున్నాక గిన్నె బోర్లించి, స్టవ్వు చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు పోయండి. ఆ చలిలో ఆ ఐదు నిమిషాలు ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆగండి.

ఇదిగో, మాటల్లో ఈ స్టవ్వు మీద నీళ్ళు మరిగిపోయాయి. కింద ఐసు బేసిన్ అలాగే ఉంది, పైన టీ అవుతోంది. పొడి ఎవరు తెచ్చారు?

మీలో ఒక్కొక్కరూ వచ్చి చల్లటి స్టవ్వుని ఒకసారి వెలిగించి వెళ్ళాలి. వత్తులు ఆ డబ్బాలో ఉన్నాయి, కర్పూరం దాని పక్కన. ఇంట్లో చేసి చూడాలంటే ఐసూ ఉప్పూ మాత్రమే వాడండి. స్పిరిట్ స్టవ్వుని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, లోపల ఆవిరి నిండితే చిన్న నిప్పురవ్వ చాలు. ముందు నువ్వు రా అమ్మాయ్. చున్నీ వెనక్కి ముడేసుకో. జుట్టు కూడా. పుల్ల గీసేటప్పుడు మొహం పక్కకి తిప్పు... కాదు, స్టవ్వు మీదికి వంగకు. అదీ, అలా.